లినక్స్ కంప్యూటర్‌కు ప్రింటర్ కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్, సీ-డ్యాక్ వారి బాస్ లినక్స్, వీటిలో మీరు ఏది వాడుతున్నా లోపల ప్రింటింగ్ పని చూసేది కప్స్ అనే ఒకే సాఫ్ట్‌వేర్. యాపిల్ మ్యాక్‌లోనూ అదే ఉంటుంది. అందుకే కింది జవాబులు దాదాపు అన్నింటికీ వర్తిస్తాయి. అనంతపురంలో ఇళ్లలో, హాస్టల్ గదుల్లో, జిరాక్స్ షాపుల్లో, మీసేవ కేంద్రాల్లో తరచూ కనిపించే ప్రింటర్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. కర్నూలు, కడపల్లో ఉన్నవాళ్లకూ తేడా ఏమీ ఉండదు.

ఒక మాట. ఇక్కడ ఆదేశాలన్నీ పలికినట్టే తెలుగులో ఉన్నాయి. టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. హైఫన్‌కీ దాని పక్క అక్షరానికీ మధ్య ఖాళీ వదలకూడదు. 'ఎల్‌పీ' అని ఉన్నచోట ఆ రెండు అక్షరాలే వస్తాయి.

ప్రింటర్‌తో వచ్చిన సీడీ లినక్స్‌లో పనికొస్తుందా?

రాదు. అందులో ఉండేది విండోస్ డ్రైవర్, అంటే ప్రింటర్‌తో మాట్లాడటం విండోస్‌కు నేర్పే ప్రోగ్రాం. సీడీని పక్కన పెట్టేయండి.

మరి డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది? మా ప్రింటర్ పనిచేస్తుందో లేదో ముందే తెలిసేదెలా?

లినక్స్ కోణంలో ప్రింటర్లు మూడు రకాలు. మీది ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకుండా మొదలుపెడితే ఒకరోజు పోయినా ఒక్క పేజీ రాదు.

మొదటి రకానికి డ్రైవరే అక్కర్లేదు. పెట్టె మీద ఎయిర్‌ప్రింట్ అనో, మోప్రియా అనో, ఐపీపీ ఎవ్రీవేర్ అనో రాసి ఉంటే ఆ ప్రింటర్ ఈ రకం. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ తీసుకోగలదంటే లినక్స్ నుంచి కూడా తీసుకోగలదన్నమాట. తనకు ఏ కాగితాలు పడతాయో, రంగు ఉందో లేదో, రెండు వైపులా కొడుతుందో లేదో అదే కంప్యూటర్‌కు చెబుతుంది.

రెండో రకానికి డ్రైవర్ కావాలి గానీ, అది లినక్స్ భాండాగారంలోనే (ప్యాకేజీలు దించుకునే చోట) ఉంటుంది. ఇంకు ట్యాంకు ఎప్సన్‌లు, చాలా బ్రదర్ లేజర్లు, పాత శామ్‌సంగ్‌లు ఈ కోవలోకి వస్తాయి. ఒక్క ప్యాకేజీ ఎక్కిస్తే చాలు.

గోలంతా మూడో రకంతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1007, పీ1008, కానన్ ఎల్‌బీపీ2900 లాంటి చవక లేజర్లు ఇవి. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్ మీదే వేస్తాయి. వాటి భాష ఆ కంపెనీకి మాత్రమే తెలుసు. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవీ ఇవే. మొండివే గానీ పనిచేయనివి కావు. వీటి సంగతి కింద విడిగా ఉంది.

కొత్త వైఫై ప్రింటర్ కొన్నాం. అడుగులు చెప్పండి.

ముందు ప్రింటర్‌ను మీ వైఫైలో చేర్చాలి. ఈ పనికి లినక్స్‌తో సంబంధం లేదు. రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ మీట ఉంటే ముందు దాన్ని నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీది వైఫై మీట నొక్కిపట్టండి. డబ్ల్యూపీఎస్ లేకపోతే కంపెనీ ఫోన్ యాప్‌తో ఒకసారి చేర్చేయండి. చవక ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటాయి. రౌటర్‌లో ఆ బ్యాండ్ ఆపేసి ఉంటే ఎంతసేపు చేసినా చేరదు.

తర్వాత కంప్యూటర్‌లో సెట్టింగ్స్, అందులో ప్రింటర్స్, అక్కడ 'యాడ్ ప్రింటర్' నొక్కండి. అదే నెట్‌వర్క్‌లో ఉంటే అర నిమిషంలో పేరు కనిపిస్తుంది. ఎంచుకోండి, టెస్ట్ పేజీ తీయండి. అయిపోయింది. ఒక్కోసారి మీరు ఏమీ చేర్చకముందే పీడీఎఫ్ తెరిచి ప్రింట్ నొక్కితే జాబితాలో ప్రింటర్ పేరు కనిపిస్తుంది. అది తప్పేం కాదు, కప్స్ తాత్కాలికంగా ఒక క్యూ (ఆ ప్రింటర్‌కు పంపిన ప్రింట్లు, అంటే జాబులు, నిలబడే వరుస) పెట్టుకుంటుంది.

కనిపించకపోతే అవాహీ సేవ నడుస్తోందో లేదో చూడండి: 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అవాహీ-డీమన్'. నెట్‌వర్క్‌లో ఎవరెవరు ఉన్నారో వినేది అదే.

వైఫై వద్దు, యూఎస్‌బీ తీగతోనే కలుపుతాం.

మొదటి రకం ప్రింటరైతే తీగ మీద కూడా అదే పద్ధతిలో, డ్రైవర్ లేకుండా పనిచేస్తుంది. ఆ పని చేసే చిన్న ప్రోగ్రాం పేరు ఐపీపీ-యూఎస్‌బీ. 2021లో వచ్చిన డెబియన్ 11 నుంచి డెస్క్‌టాప్‌లలో ఇది మామూలైంది. ఒక చిక్కుంది. అది ప్రింటర్‌ను పట్టుకుంటే పాత పద్ధతి డ్రైవర్‌కు ఆ ప్రింటర్ అందదు. ఒకే ప్రింటర్‌కు రెండు క్యూలు పెట్టి, ఒకదాంట్లో వస్తోంది, ఇంకోదాంట్లో రావట్లేదని తల పట్టుకునేది ఇందుకే. ఏదో ఒక్కటి ఉంచి రెండోది తీసేయండి.

హెచ్‌పీ 1020 (లేదా పీ1007, పీ1008). చేర్చాం, పేరు కనిపిస్తోంది, ప్రింట్ మాత్రం రాదు. ఎందుకు?

ఎందుకంటే ఈ ప్రింటర్ లోపల దాని సొంత ప్రోగ్రాం ఉండదు. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటరే ఆ ఫర్మ్‌వేర్‌ను పంపాలి. విండోస్ డ్రైవర్ అది గుట్టుగా చేసేస్తుంది కాబట్టి అక్కడ ఎవరికీ తెలియదు. లినక్స్‌లో ఆ ఫైలు హెచ్‌పీవారి సొత్తు కావడంతో భాండాగారంలో ఉండదు, విడిగా తెచ్చుకోవాలి. వరుస ఇది:

ముందు 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ హెచ్‌పీఎల్‌ఐపీ' కొట్టండి. ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్. రెండోది 'హెచ్‌పీ-ప్లగిన్'. ఇది ఇంటర్నెట్ నుంచి ప్లగిన్ దించి, షరతులకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది, ఒప్పుకోండి. మూడోది, ప్రింటర్ తీగ పెట్టి స్విచ్ వేసి 'హెచ్‌పీ-సెటప్' నడిపి, యూఎస్‌బీ ఎంచుకుని క్యూ చేర్చండి. నాలుగోది, ప్రింటర్ స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

ఫర్మ్‌వేర్ ఎక్కిందో లేదో చెవితోనే తెలుస్తుంది. స్విచ్ వేయగానే మోటారు ఒకసారి తిరిగి ఆగుతుంది. కొన్ని సెకన్ల తర్వాత మీరు ఏమీ చేయకుండానే ఇంకోసారి తిరిగితే ఫర్మ్‌వేర్ ఎక్కినట్టు. రెండోసారి చప్పుడు రాకపోతే ప్రింట్ పంపి లాభం లేదు. ప్లగిన్ దగ్గరికే వెళ్లండి.

పీ1100 వరుస ప్రింటర్లలో ఇంకో తిరకాసు ఉంది. స్మార్ట్ ఇన్‌స్టాల్ పేరుతో, తీగ పెట్టగానే అవి ముందు సీడీ డ్రైవులా కనిపిస్తాయి. డెస్క్‌టాప్ మీద సీడీ బొమ్మ వచ్చి ప్రింటర్ మాత్రం రాకపోతే కారణం అదే. ఆ సీడీని ఎజెక్ట్ చేసి, తీగ తీసి మళ్లీ పెట్టండి.

నిన్నటిదాకా బాగానే వచ్చింది. అప్‌డేట్ చేశాక హెచ్‌పీ ఆగిపోయింది.

హెచ్‌పీఎల్‌ఐపీ వెర్షనూ ప్లగిన్ వెర్షనూ అచ్చంగా ఒకటే అయ్యుండాలి. అప్‌డేట్‌లో మొదటిది మారుతుంది, రెండోది మారదు. 'హెచ్‌పీ-ప్లగిన్' మళ్లీ నడిపితే సరిపోతుంది. క్యూ తీసేసి మళ్లీ పెట్టాల్సిన పనిలేదు. క్యూలో 'ఫిల్టర్ ఫెయిల్డ్' అని కనిపిస్తే నూటికి తొంభైసార్లు ఇదే కథ.

కానన్ ఎల్‌బీపీ2900 లినక్స్‌లో అసలు పనిచేస్తుందా?

చేస్తుంది, కానీ ఓపిక కావాలి. అన్నింటిలోకీ మొండిది ఇదే.

కానన్ సైటు నుంచి క్యాప్ట్ అనే లినక్స్ డ్రైవర్ దించుకోవాలి. అందులో రెండు ప్యాకేజీలుంటాయి. కామన్ అన్నది ముందు, క్యాప్ట్ అన్నది తర్వాత ఎక్కించాలి. తారుమారైతే ఒప్పుకోదు. డ్రైవర్‌లో కొన్ని ముక్కలు ఇంకా 32 బిట్‌వే. కాబట్టి 64 బిట్ ఉబుంటు, డెబియన్‌లలో ముందుగా 'సుడో డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386' కొట్టి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, 32 బిట్ లైబ్రరీలు తెచ్చుకోవాలి. ఇది మర్చిపోతే డ్రైవర్ ఎక్కినట్టే కనిపిస్తుంది గానీ కాగితం కదలదు.

ఆ తర్వాత రెండు లంకెలు వేయాలి. కప్స్‌లో క్యూ చిరునామాగా సీసీపీ, 59687 పోర్టు ఇవ్వాలి. సీసీపీడీ అనే నేపథ్య ప్రోగ్రాంకు ప్రింటర్ ఏ పరికర ఫైల్లో ఉందో, అంటే డెవ్ ఫోల్డర్‌లోని యూఎస్‌బీలో ఎల్‌పీ0 అని, 'సీసీపీడీఅడ్మిన్'తో చెప్పాలి. ప్రింట్ కప్స్ నుంచి సీసీపీడీకి, అక్కడి నుంచి తీగకు వెళ్తుంది. ఈ రెండింటిలో ఏది తెగినా ఏమీ రాదు.

ఇందులో జరిగే తప్పులు రెండే. మొదటిది, సీసీపీడీ మొదలయ్యాక ప్రింటర్ స్విచ్ వేయడం. ముందు ప్రింటర్, తర్వాత సీసీపీడీ. రెండోది, ఉబుంటు తనంతట తాను మామూలు యూఎస్‌బీ క్యూ కూడా ఒకటి చేర్చేయడం. ఆ క్యూ ప్రింటర్‌ను లాక్కుంటే ఎల్‌పీ0 ఫైలు మాయమవుతుంది. దాన్ని తీసేయండి.

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డుల మీద కానన్ డ్రైవర్ నడవదు, అది మామూలు పీసీ ప్రాసెసర్ల కోసం చేసింది. అక్కడ క్యాప్ట్‌డ్రైవర్ అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవాలి.

ఎప్సన్ ఇంకు ట్యాంకు (ఎల్3110, ఎల్3150, ఎల్3250 వగైరా)?

'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ప్రింటర్-డ్రైవర్-ఈఎస్‌సీపీఆర్', తర్వాత యాడ్ ప్రింటర్. అంతే. ఎల్3110లో వైఫై లేదు, తీగే దారి. ఇంకు ఎంతుందో కంప్యూటర్ చెప్పేదాన్ని పెద్దగా నమ్మకండి, ట్యాంకు కంటి ముందే ఉంది కదా.

బ్రదర్, శామ్‌సంగ్?

బ్రదర్ నలుపు-తెలుపు లేజర్లకు బీఆర్‌లేజర్ ప్యాకేజీ, పాత శామ్‌సంగ్ లేజర్లకు స్ప్లిక్స్ ప్యాకేజీ. మీ మోడల్ జాబితాలో లేకపోతే అదే వరుసలో దగ్గరి నంబరు ఎంచుకుని టెస్ట్ పేజీ తీసి చూడండి, తరచూ పనిచేస్తుంది.

ఇంకా కొనలేదు. ఏది కొనమంటారు?

సెకండ్‌హ్యాండ్ 2900 తక్కువకు వస్తోందని ఆశపడకండి, మీ కంప్యూటర్‌లో లినక్స్ ఒక్కటే ఉంటే మరీను. ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ తీసుకునే మోడల్ ఏదైనా సరే, కంపెనీ చూడక్కర్లేదు. నెలకు నలభై యాభై పేజీలు, అదీ నలుపే అయితే లేజర్. ఇంకు ప్రింటర్ వారాల తరబడి ఖాళీగా ఉంటే ఏమవుతుందో ఎండాకాలం ప్రశ్నలో చూడండి.

ప్రింట్ నొక్కితే ఏమీ రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తీగ, క్యూ, డ్రైవర్. ఈ వరుస మార్చకండి. చాలామంది చేసే తప్పు, ఏదైనా కాగానే ప్రింటర్‌ను తీసేసి మళ్లీ చేర్చడం. అలా చేస్తే జాబితాలో ఒకే ప్రింటర్ పేరు నాలుగైదుసార్లు పేరుకుపోతుంది, ఏది అసలుదో మీకే తెలియదు.

తీగ: 'ఎల్ఎస్‌యూఎస్‌బీ' కొట్టండి. జాబితాలో కంపెనీ పేరు కనిపించాలి. పేరు లేకపోయినా సంఖ్యతో పోల్చుకోవచ్చు. కానన్ అయితే 04ఏ9, ఎప్సన్ 04బీ8, బ్రదర్ 04ఎఫ్9, హెచ్‌పీ 03ఎఫ్0 అని మొదలవుతుంది. ఇక్కడే లేకపోతే అది లినక్స్ సమస్య కాదు. తీగ మార్చండి, సీపీయూ వెనకవైపు పోర్టులో పెట్టండి. ముందువైపు పోర్టులు, చవక హబ్‌లు ప్రింటర్లకు అంత మంచివి కావు.

క్యూ: 'ఎల్‌పీస్టాట్ -టి'. ఇందులో మూడు సంగతులు చూడాలి. డీఫాల్ట్ ప్రింటర్ ఏది? మీరు పంపింది ఆ ప్రింటర్‌కేనా, లేక పీడీఎఫ్‌గా భద్రపరిచే ఉత్తుత్తి ప్రింటర్‌కా? క్యూ 'డిసేబుల్డ్' అని ఉందా? అలా ఉంటే 'సుడో కప్స్‌ఎనేబుల్' అని కొట్టి పక్కన క్యూ పేరు ఇవ్వండి. పాత జాబులు అడ్డం పడి ఉంటే 'క్యాన్సిల్ -ఏ' అన్నింటినీ తుడిచేస్తుంది.

డ్రైవర్: తీగా క్యూ రెండూ బాగుండి, జాబు 'పూర్తయింది' అని చూపించినా కాగితం రాలేదంటే డ్రైవర్ తప్పు. పేజీ నిండా పిచ్చి అక్షరాలు, లేదా పేజీకో గీత చొప్పున కాగితాలు బయటికి తోసేస్తోందంటే కూడా అంతే. ప్రింటర్‌కు తెలియని భాషలో పంపుతున్నారు. వెంటనే స్విచ్ ఆపి, క్యూ ఖాళీ చేసి, డ్రైవర్ మార్చండి. లేకపోతే ట్రే ఖాళీ అయ్యేదాకా ఆగదు.

అప్పటికీ తేలకపోతే 'కప్స్‌సీటీఎల్ --డీబగ్-లాగింగ్' కొట్టి, ఒక్క పేజీ పంపి, వార్ ఫోల్డర్‌లో లాగ్, అందులో కప్స్ ఫోల్డర్‌లో ఉన్న ఎర్రర్_లాగ్ ఫైలు చివరి యాభై వరుసలు చదవండి. ఎవరినైనా సాయం అడిగేటప్పుడు 'ప్రింట్ రావట్లేదు' అని కాకుండా ఆ వరుసలు చూపిస్తే పని త్వరగా తెములుతుంది. పని అయ్యాక '--నో-డీబగ్-లాగింగ్' కొట్టడం మరవకండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ క్యూ ఆగిపోతోంది.

ప్రింట్ మధ్యలో ప్రింటర్ మాయమైతే కప్స్ క్యూను ఆపేసి కూర్చుంటుంది, ఎవరైనా వచ్చి మళ్లీ మొదలుపెట్టేదాకా. ఈ పద్ధతి మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో 127.0.0.1:631 తెరిచి, ప్రింటర్స్, మీ ప్రింటర్, అడ్మినిస్ట్రేషన్, 'సెట్ డీఫాల్ట్ ఆప్షన్స్', అందులో పాలసీస్ కింద ఎర్రర్ పాలసీని 'రిట్రై-జాబ్' చేయండి. ఇక కరెంటు వచ్చాక తనే మళ్లీ ప్రయత్నిస్తుంది.

దీనికి విరుగుడుగా లేజర్ ప్రింటర్‌ను కంప్యూటర్ యూపీఎస్‌కు తగిలించకండి. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు. లేజర్‌లో టోనర్‌ను కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా అంతకు మించి లాగుతుంది. యూపీఎస్ కీచుమని ఆగి, దాంతోపాటు కంప్యూటర్ కూడా ఆగుతుంది. ఇంకు ప్రింటర్‌కు ఆ భయం లేదు.

కప్స్ పేజీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏది ఇవ్వాలి?

కంప్యూటర్ తెరవడానికి ఇచ్చేవే. రూట్ అని ఇవ్వకండి, ఉబుంటులో రూట్‌కు పాస్‌వర్డే ఉండదు. ఒప్పుకోకపోతే 'సుడో యూజర్‌మాడ్ -ఏజీ ఎల్‌పీఅడ్మిన్' కొట్టి పక్కన మీ యూజర్‌నేమ్ ఇచ్చి, లాగౌట్ అయి మళ్లీ రండి. ఇందులో ఒక్క అక్షరం మాత్రం పెద్దది: జీ. చిన్నది కొడితే అర్థమే మారిపోతుంది.

పేజీ అంచులు తెగిపోతున్నాయి. లేదా కాగితం ఉన్నా లైటు మెరుస్తూ ఆగిపోతోంది.

కాగితం కొలత తేడా. మనం వాడేది ఏ4, అంటే 210×297 మి.మీ. కంప్యూటర్ భాష అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే డీఫాల్ట్‌గా లెటర్, అంటే 216×279 మి.మీ. పెట్టుకుంటుంది. ఎత్తులో 18 మి.మీ. తేడా. కొన్ని ప్రింటర్లు అంచులు కోసేస్తాయి, కొన్ని 'లెటర్ కాగితం పెట్టు' అని లైటు మెరిపిస్తూ మొండికేస్తాయి. క్యూ డీఫాల్ట్ ఆప్షన్లలో ఏ4 చేయండి. లిబ్రేఆఫీస్‌లో ఫైలు పేజీ కొలత వేరేగా ఉంటుంది, అక్కడ కూడా చూసుకోండి. రెవెన్యూ, కోర్టు కాగితాలకు లీగల్ సైజు కావాలంటే అది 216×356 మి.మీ.

ఆధార్ కార్డు సైజు సరిగ్గా రావట్లేదు.

ప్రింట్ డైలాగ్‌లో 'ఫిట్ టు పేజ్' తీసేసి స్కేల్ 100 శాతం పెట్టండి. కార్డు ముక్క 85.6×54 మి.మీ. ఉండాలి, స్కేలుతో కొలిచి చూసుకోండి. ఇ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి టెర్మినల్ నుంచి నేరుగా ప్రింటర్‌కు పంపితే ఫిల్టర్ దగ్గర ఆగిపోతుంది. పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి, పాస్‌వర్డ్ ఇచ్చి, అక్కడి నుంచి ప్రింట్ తీయండి.

తెలుగు అక్షరాలు డబ్బాలుగానో, విడిపోయిన ఒత్తులుగానో వస్తున్నాయి.

తెర మీదే డబ్బాలుంటే ఫాంటు లేదు. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు' కొడితే లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు కూడా పెట్టుకోండి.

తెర మీద ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగలిసి ఉంటే అది యూనికోడ్ ఫైలు కాదు. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టింది. పెళ్లిపత్రికలు, కరపత్రాలు అలాగే వస్తాయి. ఆ ఫాంటు మీ దగ్గర ఉంటే తప్ప లినక్స్ ఏమీ చేయలేదు. కొట్టినవాళ్లనే పీడీఎఫ్ చేసి పంపమనండి. వచ్చిన పీడీఎఫ్ మీద 'పీడీఎఫ్‌ఫాంట్స్' నడిపితే ప్రతి ఫాంటు ఎదురుగా అది ఫైల్లో ఇమిడి ఉందో లేదో 'ఎస్', 'నో' అని చూపిస్తుంది. 'నో' అని ఉన్న ఫాంటే దొంగ.

తెర మీద బాగుండి, కాగితం మీద మాత్రమే ఒత్తులు చెదిరితే తప్పు డ్రైవర్‌ది. ఆక్యులర్ రీడర్‌లో ప్రింట్ ఆప్షన్లలో 'ఫోర్స్ రాస్టరైజేషన్' ఉంది. పేజీని బొమ్మగా మార్చి పంపుతుంది. కాస్త నిదానం, కానీ అక్షరం చెదరదు.

రెండు వైపులా ప్రింట్ కావాలి. ప్రింటర్‌లో డూప్లెక్స్ లేదు.

ప్రాజెక్టు రికార్డులు తీసే ఇంజినీరింగ్ విద్యార్థులు ఎక్కువగా అడిగేది ఇదే. ప్రింట్ డైలాగ్‌లో ముందు 'ఆడ్ షీట్స్' ఎంచుకుని బేసి పేజీలు తీయండి. కట్టను తిప్పి ట్రేలో పెట్టి 'ఈవెన్ షీట్స్' తీయండి. ఎటు తిప్పాలన్నది ప్రింటర్‌ను బట్టి మారుతుంది. కాబట్టి ముందు నాలుగు పేజీల ఫైలుతో పరీక్షించండి. ట్రేలో పెట్టే కాగితం పైమూల పెన్సిల్‌తో గుర్తు పెడితే ఏ వైపు అచ్చు పడుతోందో తెలుస్తుంది. వెనకవైపు వరుస తిరగబడితే 'రివర్స్' టిక్కు పెట్టండి.

మొత్తం పేజీలు బేసి సంఖ్యలో ఉంటే చివరి కాగితానికి వెనక పేజీ ఉండదు. రెండో విడతకు ముందు దాన్ని కట్టలోంచి తీసి పక్కన పెట్టండి. మర్చిపోతే 81 పేజీల రికార్డులో ఒక్కో పేజీ పక్కదాని వెనక్కి జరిగి, మొత్తం మళ్లీ తీయాల్సి వస్తుంది. ఫ్యూజర్ వేడికి కాగితం వంగి ఉంటుంది కాబట్టి రెండో విడతకు ముందు అయిదు నిమిషాలు చల్లారనివ్వండి. 70 జీఎస్‌ఎం కంటే 75 జీఎస్‌ఎం కాగితం ఇరుక్కోవడం తక్కువ.

షాపులో ఒకే ప్రింటర్. కస్టమర్ల ఫోన్ల నుంచి, ఇంకో కంప్యూటర్ నుంచి కూడా రావాలి.

ప్రింటర్ ఏ లినక్స్ కంప్యూటర్‌కు తగిలి ఉందో అందులో 'కప్స్‌సీటీఎల్ --షేర్-ప్రింటర్స్' కొట్టి, క్యూ సెట్టింగుల్లో షేర్ టిక్కు పెట్టండి. ఫైర్‌వాల్ ఉంటే 631 టీసీపీ, 5353 యూడీపీ తెరవాలి. అప్పుడు ఆ వైఫైలో ఉన్న ఫోన్లకు అది ఎయిర్‌ప్రింట్ ప్రింటర్‌లా కనిపిస్తుంది. తమాషా ఏంటంటే, ఏ జన్మలోనూ వైఫై చూడని 1020 కూడా ఈ దారిలో ఫోన్ ప్రింటర్ అయిపోతుంది.

కస్టమర్లకు 'గెస్ట్' వైఫై ఇస్తే మాత్రం కనిపించదు. గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలు మిగతావాటిని చూడకుండా రౌటరే అడ్డుకుంటుంది.

వైఫై ప్రింటర్ రెండుమూడు రోజులకోసారి కనిపించకుండా పోతోంది.

రౌటర్ ఆగి వచ్చినప్పుడల్లా ప్రింటర్‌కు కొత్త ఐపీ చిరునామా ఇస్తోంది. క్యూ పాత చిరునామానే పట్టుకుని వెతుకుతోంది. రౌటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టి ఎప్పుడూ ఒకే చిరునామా ఇచ్చేలా చేయండి.

స్కానర్ కూడా పనిచేస్తుందా?

కొత్త వాటికి సేన్-ఎయిర్‌స్కాన్ ప్యాకేజీ, పైన 'డాక్యుమెంట్ స్కానర్' యాప్ చాలు. 'స్కాన్‌ఇమేజ్ -ఎల్' కొడితే ఏ స్కానర్లు దొరికాయో చెబుతుంది. ఇక్కడ ఎల్ పెద్దక్షరం.

631 పోర్టు తెరిస్తే ప్రమాదమా?

ఇంటి, షాపు నెట్‌వర్క్ లోపల తెరవడంలో తప్పులేదు. ఇంటర్నెట్‌కు మాత్రం ఎప్పుడూ తెరవకండి. 2024 సెప్టెంబరులో కప్స్-బ్రౌజ్డ్ అనే సేవలో తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. బయటివాళ్లు ఉత్తుత్తి ప్రింటర్‌ను అంటగట్టి, దానికి ప్రింట్ పంపినప్పుడు మీ కంప్యూటర్‌లో తమ ఆదేశాలు నడిపించగలిగేవాళ్లు. అప్‌డేట్లు వచ్చేశాయి. పాత వెర్షన్ అలాగే వాడుతుంటే అప్‌డేట్ చేయండి. ఇంట్లో ఒకే ప్రింటర్ ఉన్నవాళ్లకు ఆ సేవ అవసరమే ఉండదు: 'సుడో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ కప్స్-బ్రౌజ్డ్'.

ఎండాకాలంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మేలో అనంతపురం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చాలా లేజర్ ప్రింటర్లను 32 డిగ్రీల దరిదాపుల వరకు వాడేలా తయారుచేస్తారు. రేకుల షెడ్డు కింద షాపులో వంద పేజీలు ఏకబిగిన తీస్తే మధ్యమధ్య ఆగి చల్లారుతుంది. అది పాడవడం కాదు, క్యూ రద్దు చేయకండి. గాలి పొడిగా ఉన్నప్పుడు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని రెండేసి లోపలికి పోతాయి. ట్రేలో పెట్టే ముందు కట్టను విసనకర్రలా విప్పి, అంచులు తట్టి పెట్టండి.

ఇంకు ప్రింటర్లకు ఇంకో బాధ. పొడి గాలికి ఇంకు హెడ్ సూదిరంధ్రాల దగ్గరే ఎండిపోతుంది. వారానికి ఒక రంగు పేజీ తీయడమే మందు. ప్రింటర్‌ను గోడ స్విచ్ దగ్గర కాకుండా దాని సొంత మీటతోనే ఆపండి. అప్పుడే హెడ్ మూత కిందికి వెళ్లి ఆగుతుంది. గీతలు పడుతుంటే హెడ్ క్లీనింగ్ ఒకటి రెండుసార్లు చేసి, ఫలితం లేకపోతే ఆరేడు గంటలు వదిలేసి మళ్లీ చూడండి. వరసబెట్టి పదిసార్లు చేస్తే ఇంకు ఖాళీ, వేస్ట్ ప్యాడ్ నిండుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు.

టోనర్ ఎంత మిగిలిందో చూపించట్లేదు.

1020లో వేసే 12ఏ కార్ట్రిడ్జికి చిప్పే లేదు, ఎక్కడి నుంచి చూపిస్తుంది? పేజీ మధ్యలో నిలువుగా తెల్లటి పట్టీ మొదలైతే అయిపోవచ్చినట్టు. తీసి అడ్డంగా అయిదారుసార్లు మెల్లగా ఊపి పెడితే ఇంకొన్ని పేజీలు వస్తాయి.

బిల్లుల కోసం డాట్ మ్యాట్రిక్స్, థర్మల్ ప్రింటర్లు?

తొమ్మిది పిన్నుల డాట్ మ్యాట్రిక్స్‌కు కప్స్‌లోనే 'ఎప్సన్ 9-పిన్ సిరీస్' డ్రైవర్ ఉంది. బిల్లు ఇంగ్లిష్‌లోనే అయితే అక్షరాలను అలాగే పంపడం వేగం. తెలుగు కావాలంటే బొమ్మగానే పంపాలి, ప్రింటర్‌లో తెలుగు అక్షరాలు లేవు. దాంతో ఒక్కో బిల్లుకు చప్పుడూ సమయమూ రెండూ పెరుగుతాయి.

థర్మల్‌లో 58 మి.మీ. రోలు మీద అచ్చు పడేది 48 మి.మీ. వెడల్పే, అంటే 384 చుక్కలు. 80 మి.మీ. రోలు మీద 72 మి.మీ., 576 చుక్కలు. బిల్లు కుడి అంచు తెగుతోందంటే ఏ4 కొలతతో పంపుతున్నట్టే. క్యూలో కస్టమ్ సైజుకు రోలు వెడల్పు కాదు, ఈ అచ్చు వెడల్పు ఇవ్వండి.